ఏడు మగ్గాలు, యాభై ముగ్గురు తోడు

లోకంలో శుభవార్తలు రెండే రకాలు. కరెంటు వచ్చిందన్నది ఒకటి, టోకెన్ దొరికిందన్నది రెండోది. (వాన పడిందన్నదాన్ని తమిళనాడులో కోవిల్‌పట్టి వైపు ఎవరూ శుభవార్తగా తీసుకోరు, కళ్లారా చూసేదాకా అది వదంతే.) ఈ రెండో రకం శుభవార్త సత్యప్రియకి పెళ్లయిన పంతొమ్మిదో రోజున, పగలు పదకొండు నలభైకి, కుడిచేతిలో అప్పడం, ఎడమచేతిలో ఫోను ఉండగా అందింది.

“శ్రీ ఉదయకుమార్ అనే తమరి ఏకాగ్రతా లోపం ఆమోదించబడినది. తమరికి ఆరు కోచింగ్ తరగతులు మంజూరు. మొదటిది శనివారం ఉదయం పది గంటలకు, విరుదునగరం. తోడు వ్యక్తితో రావలెను. ఒక్కటి తప్పినా సీటు తరువాతివారికి పోవును. దక్షిణ మండల ఏకాగ్రతా సహాయ కేంద్రం.”

ఆ రోజు విందు సత్యప్రియ మేనత్త పొన్నుత్తాయి ఇంట్లో. కొత్త దంపతుల్ని చుట్టాలందరూ వంతులవారీగా భోజనానికి పిలవడం అక్కడి తెలుగువాళ్ల ఆచారం. వంతు తప్పించుకున్నవాళ్లు చరిత్రలో లేరు.

“ఏందే, అప్పళం తినకుండా పట్టుకోని నవ్వతా ఉండావు?” అంది పొన్నుత్తాయి.

“అత్తా, బావకి సీటు దొరికింది!”

“యా కాలేజీలో?”

“కాలేజీ కాదత్తా, కోచింగు. విరుదునగరంలో.”

“పెండ్లయినాంక ఇంగేం కోచింగే? అదంతా ముందే గదా చేసుండాల,” అని పొన్నుత్తాయి తన హాస్యానికి తనే సాంబారు గరిటె ఊపుతూ నవ్వింది.

సీటు దొరికిన ఉదయకుమార్ ఆ సమయానికి ఆకు ముందు లేడు. చేయి కడుక్కోవడానికని లేచి ఇరవై నిమిషాలైంది. పక్క షెడ్డులో పొన్నుత్తాయి మరమగ్గానికి మూత ఊడదీసి, లోపలికి తల పెట్టి, ఏదో వింటున్నాడు. ఆ వీధిలో అతను విప్పిన మగ్గాల్లో అది ఆరోది. మూసినవి ఒక్కటీ లేవు.

ఉదయకుమార్ మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. చెడిపోయిన చోటు ఎక్కడుందో చెవితోనే పట్టేస్తాడు. పట్టేశాక ఇంకో మగ్గం పిలుస్తుంది. మల్లెపూలకని బజారుకి వెళ్లి బేరింగుతో వస్తాడు; రెండ్రోజుల తర్వాత బేరింగుకని వెళ్లి మల్లెపూలతో వస్తాడు. (సత్యప్రియకి ఈ రెండో ప్రయాణం ఎంత నచ్చిందంటే, మొదటిదాన్ని ఆమె పూర్తిగా మాఫీ చేసింది.) పొయ్యి మీద పెట్టిన టీ సంగతి మరిచిపోతాడు గానీ, ఆమె స్కూటీ మూడు వీధుల అవతల మలుపు తిరిగితే ఇంట్లోంచే చెబుతాడు, బ్రేకు వయరు వదులైందని.

పెళ్లికి ముందే అతను దాపరికం లేకుండా చెప్పేశాడు. “నాకు ఏడీహెచ్‌డీ అని ఒకటి ఉండాదంట. డాక్టరు రాసిచ్చినాడు. తెలిసే ఒప్పుకో ప్రియా.”

“పేరుంటే మంచిదే గదా బావా,” అంది సత్యప్రియ. “ఇన్నాళ్లూ ఊరు నీకు సోమరి అని పేరు పెట్టింది. దానికన్నా ఇది బాగుండాది.”

దరఖాస్తు పూరించింది కూడా ఆమే. నలభై ఒక్క గడుల ఫారం అది. అతను ఒక్కడే రాసినప్పుడు, సగంలో ఆపేశాడని తిప్పి పంపారు. ఆమె సాయంతో పూర్తి చేస్తే, పూర్తి చేయగలిగినవాడికి లోపం ఎక్కడిదని తిప్పి పంపారు. మూడోసారి నలభై గడులు నింపి ఒకటి వదిలేశారు. అది నచ్చింది.

ఇప్పుడు ఆ సీటు ఎంత అవసరమో ఆ వీధిలో అందరికీ తెలుసు. నేతగాళ్ల సంఘం అధ్యక్షుడు పాలసామి, వరసకి ఉదయకుమార్‌కి పెదనాన్న, ముందురోజే వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడి వెళ్లాడు. (ఆయన నిలబడి చెప్పినదాన్ని తీర్మానంగా పరిగణిస్తారు; తరి అంటే అక్కడి మాటలో మగ్గం.) “నెలాఖరుకి విప్పిన తరులన్నీ ఆడాలరా. ఆడలేదంటే సంఘం రిపేరు పని అరుప్పుకోట్టై ఫిట్టరుకి పోతాది. నాకు నీ మింద కోపం లేదు. కానీ తరులు నీ పెండ్లికి రాలేదు గదా, నీకోసం ఓర్చుకునేదానికి.”

నెలాఖరుకి ఇంకా ఇరవై మూడు రోజులుంది. మూడు శనివారాలు. అంటే మూడు తరగతులు. సత్యప్రియ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, చాలుతుందనుకుని, అప్పడం తింది.

ఇక్కడే ఒక చిన్న విషయం అడ్డొచ్చింది. సందేశంలో “తోడు వ్యక్తి” అని ఉంది. కేంద్రం వాళ్ల ఉద్దేశంలో అదంటే ఒక మనిషి. కానీ కొత్త పెళ్లికొడుకు మొదటిసారి ఒక గడప తొక్కేటప్పుడు ఒంటిగా వెళ్లడం, అందులోనూ ఒట్టి చేతులతో వెళ్లడం, పొన్నుత్తాయికి తెలిసిన ఏ తరంలోనూ జరగలేదు.

“ఒక్క తోడుతో పంపిస్తే ఆ కోచింగామె ఏమనుకుంటాది? మన బిడ్డకి దిక్కు లేదని గదా?” అంది.

శనివారం ఉదయం వ్యాన్ వచ్చింది. తోడు వెళ్లే మనుషులు బేసి సంఖ్యలో ఉండాలి కాబట్టి పదకొండుమంది, పళ్లేలు కూడా బేసి సంఖ్యలోనే కాబట్టి ఏడు. అరటి గెల, కలకండ, కడలై మిఠాయి అనే వేరుశనగ చిక్కీ, తాంబూలం, కోచ్‌కి ఒక నూలుచీర. కొత్త దంపతుల్ని ముందుసీట్లో కూర్చోబెట్టారు. సాత్తూరు దాటాక గాలికి సత్యప్రియ తలలోని పూలు ఊడి ఉదయకుమార్ చొక్కా జేబులో పడ్డాయి. అతను వాటిని దిగేదాకా జేబులోనే ఉంచుకున్నాడు. ఆమె దృష్టిలో ఏకాగ్రత అంటే అదే. కానీ దానికి ఫారంలో గడి లేదు.

కేంద్రంలో వాళ్లని ఎదుర్కొన్నది సహాయ ఏకాగ్రతాధికారి (పూర్తి అదనపు బాధ్యత) రాఘవేంద్రన్. ఏడు పళ్లేలు వరసగా లోపలికి రావడం చూసి ఆయన అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. ఆయన తమిళంలోనే మాట్లాడాడు. ఆ కార్యాలయ తమిళానికి తగిన తెలుగు ఇది:

“వీరందరూ తోడా?”

“అవును సార్. ఇంగా కొంతమంది రావాల్సింది, వ్యాన్‌లో చోటు లేకపోయె,” అన్నాడు పాలసామి.

రాఘవేంద్రన్ కళ్లు చెమర్చాయి. కేంద్రం ఏటా యాభైమంది తోడు వ్యక్తుల్ని తయారుచేయాలన్నది పైవాళ్ల లక్ష్యం. ఏడాది ముగియబోతోంది, ఇప్పటిదాకా తయారైనవాళ్లు నలుగురు. (ఆ నలుగురూ కేంద్రం సిబ్బందే.) ఏకాగ్రత లేనివాళ్లు జిల్లాలో కావలసినంతమంది దొరికారు గానీ, వాళ్ల పక్కన కూర్చునేవాళ్లు దొరకడమే కష్టంగా ఉంది. అలాంటిది ఒకే కుటుంబం నుంచి, అదీ అరటి గెలతో సహా, పదకొండుమంది!

వెంటనే తోడు నియమావళి తీశారు. దాని ప్రకారం లబ్ధిదారుడి కంటే ముందు తోడుకి అవగాహన కలిగించాలి. అవగాహన తరగతి లబ్ధిదారుడి గంటలోంచే తీసుకోవాలి. ఆ సమయంలో లబ్ధిదారుడు గదిలో ఉండరాదు, ఎందుకంటే అక్కడ బోధించే మొదటి పాఠం “అతని ఎదుట అతని గురించి మాట్లాడకండి” అన్నది.

“నేను కూడా లోపలికి పోవచ్చా సార్?” అని సత్యప్రియ అడిగింది.

“మీరేమవుతారు?”

“భార్యని.”

“లబ్ధిదారుడితో అనుభవం?”

“ఇరవై మూడు రోజులు.”

రాఘవేంద్రన్ విచారంగా తల ఆడించాడు. “ఐదో నిబంధన ప్రకారం తోడు వ్యక్తికి లబ్ధిదారుడి వల్ల కనీసం రెండేళ్ల విసుగు ఉండాలమ్మా. మీకు విసుగు ఎప్పుడు మొదలైంది?”

“ఇంకా మొదలవలేదు సార్.”

“అయితే అర్హత లేదు. మొదలైనప్పుడు రాతపూర్వకంగా తెలియజేయండి.”

కోచ్ పేరు కలైసెల్వి. సన్నగా, కళ్లజోడుతో, చేతిలో ఒక తెల్ల కాగితంతో వచ్చింది. “సార్, నేను మాట్లాడాల్సింది ఆయనతో కదా?” అని వరండాలో కూర్చున్న ఉదయకుమార్‌ని చూపించింది. “ఆయనెక్కడికి పోతాడమ్మా, ఇంకా ఐదు తరగతులున్నాయి,” అని రాఘవేంద్రన్ ఆమెని లోపలికి పంపి తలుపు వేశాడు.

ఆ గంటా దంపతులు వరండా బెంచీ మీద కూర్చున్నారు. సత్యప్రియ సంచీలోంచి తన బి.ఎడ్. రికార్డు పుస్తకం తీసి పాఠ్య ప్రణాళిక రాసుకుంది. ఉదయకుమార్ వేరుశనక్కాయలు ఒలిచి, ఒకటి తను తిని ఒకటి ఆమె పుస్తకం అంచున పెట్టాడు. గంటసేపు లేవలేదు. అతను అంతసేపు ఒకచోట కూర్చోవడం చూసినవాళ్లు ఎవరూ లేరు. చూడవలసినవాళ్లందరూ లోపల అతన్ని ఎలా కూర్చోబెట్టాలో నేర్చుకుంటున్నారు.

పదకొండు గంటలకి తలుపు తెరిచారు. రిజిస్టరులో “మొదటి తరగతి విజయవంతం” అని రాశారు. తోడు వ్యక్తులందరికీ లామినేషన్ చేసిన ధ్రువపత్రం, దానితోపాటు కలైసెల్వి రాసిన తెల్ల కాగితం నకలు ఇచ్చారు. అందులో నాలుగే వాక్యాలు. పక్కన ప్రశాంతంగా కూర్చోండి. పనిని చిన్న ముక్కలుగా చేయండి. ఒక ముక్క అయిన వెంటనే మెచ్చుకోండి. తిట్టకండి.

నాలుగూ మంచి వాక్యాలే. పదకొండుమంది వాటిని పాటించడం వల్ల జరిగినదానికి వాక్యాల బాధ్యత లేదు.

సోమవారం నుంచి మగ్గాల షెడ్డులో ఉదయకుమార్ పక్కన ప్రశాంతంగా కూర్చోవడం మొదలైంది. వంతులు వేసుకున్నారు గానీ, మొదటి వంతువాళ్లు లేవకముందే రెండో వంతువాళ్లు వచ్చేవారు కాబట్టి ఎప్పుడు చూసినా పదిమందికి తక్కువ ఉండేవారు కాదు. అతను స్పానరు అందుకుంటే మెచ్చుకోలుగా చప్పట్లు కొట్టేవారు. ఉలిక్కిపడి స్పానరు జారవిడిస్తే, ప్రయత్నించినందుకు మళ్లీ కొట్టేవారు. పనిని చిన్న ముక్కలు చేయడంలో ఒకరి ముక్కలు ఒకరికి నచ్చలేదు. బుధవారం నాటికి ఒక్క మూత బిగించే పని నూట పన్నెండు ముక్కలైంది, ఆ ముక్కలు రాసిన కాగితాలు దొంతరగా పేర్చడమే నూట పదమూడో ముక్క.

తిట్టకూడదన్న నియమాన్ని మాత్రం అందరూ నిష్ఠగా పాటించారు. తిట్టవలసి వచ్చినప్పుడు ధ్రువపత్రం లేనివాళ్లని ఎదురింటి నుంచి పిలిపించారు.

గురువారం ఉదయకుమార్ ఏడో మగ్గం విప్పాడు.

“ఏం బావా, ఇంగొకటా?” అంది సత్యప్రియ, ఈసారి నవ్వకుండా.

“ఆడ మాత్రమే ఎవరూ కూర్చోని లేరు ప్రియా,” అన్నాడు అతను, నూనె చేతులు చూసుకుంటూ. “అందుకే పోయినాను.”

రెండో శనివారానికి కబురు పాకింది. నాగలాపురం నుంచి, ఒట్టపిడారం నుంచి చుట్టాలు దిగారు. వత్రాప్ నుంచి ఒక చిన్నాన్న కుటుంబం మామిడికాయల బస్తాతో వచ్చింది. మొత్తం యాభై ముగ్గురు. లామినేషన్ యంత్రం వేడెక్కి రెండుసార్లు ఆగింది. దంపతులు మళ్లీ వరండాలోనే. రిజిస్టరులో రెండో తరగతీ విజయవంతమే.

మూడో శనివారం తరగతే లేదు. ఏడాది లక్ష్యాన్ని ఒకే లబ్ధిదారుడి మీద దాటిన సందర్భంగా కేంద్రం విరుదునగరంలో ఒక కల్యాణ మండపం తీసుకుని “ఆదర్శ తోడు కుటుంబం” సత్కార సభ పెట్టింది. యాభై మూడు పొన్నాడలు, అంటే సన్మాన శాలువాలు, ఐదు ప్రసంగాలు, తర్వాత భోజనం. కోవిల్‌పట్టి నుంచి మూడు వ్యాన్లు బయల్దేరాయి. నెలాఖరుకి ఇంకా ఐదు రోజులుంది. ఏడు మగ్గాలూ నోరు తెరుచుకునే ఉన్నాయి.

సత్యప్రియకి మొదటిసారి భయం వేసింది. రిపేరు పని పోతే అతను ఇంకో పని వెతుక్కుంటాడు, దాని గురించి కాదు. పోయిన రోజున అతను ఊరు చెప్పిందే నిజమని నమ్మేస్తాడు. అప్పుడు డాక్టరు పెట్టిన పేరు కూడా పనికిరాదు.

మొదటి ప్రసంగం మొదలవగానే ఆమె అతని చేయి పట్టుకుని, మంచినీళ్ల డ్రమ్ము దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్న కలైసెల్వి ముందుకి తీసుకెళ్లింది.

“మేడం, పది నిమిషాలు,” అంది తమిళంలో. తర్వాత అతనితో, “చెప్పు బావా, భయపడొద్దు,” అంది తెలుగులో.

కలైసెల్వి కళ్లజోడు సర్దుకుంది. “మాకూ ఇంట్లో తెలుగే. చెప్పండన్నా. యాడ ఆగిపోతా ఉండారు?”

ఆ ప్రశ్న ఉదయకుమార్‌ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఎందుకు ఆగిపోతున్నావని అడిగారు, ఎప్పుడు మారతావని అడిగారు.

అతను చెప్పాడు. “తప్పు యాడుండాదో దొరికిందంటే నాకు పని అయిపోయినట్టే మేడం. మూత పెట్టేది పని మాదిరి కానరాదు. మూయలేదని యాదికి వచ్చేలోపల ఇంగో తరి సద్దు మారతాది.”

“అయితే ఏడింటిలోనూ తప్పు దొరికిపోయిందా?”

“ఎప్పుడో. సరి చేసింది కూడా అయిపోయె.”

“మరి మీకు రిపేరు పని మిగల్లేదన్నా. మూసే పని ఒకటే ఉండాది. అది వేరే పని, వేరే రోజు పని. కొత్తగా దేన్నీ వినకుండా, మూసేదానికి మాత్రమే పోవాల. మొదట ఏది?”

“పొన్నుత్తాయత్తది. నాలుగే బోల్టులు.”

“పక్కన ఎవరుంటే కుదురుతాది?”

అతను సత్యప్రియ వైపు చూశాడు. “ఈమె తన రాతలు రాసుకుంటా ఉంటే చాలు. నన్ను చూడకూడదు.”

“మిగతావాళ్లు?”

మండపంలోంచి చప్పట్లు వినిపించాయి. ఉదయకుమార్ ఉలిక్కిపడ్డాడు. జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

“ఇప్పుడు ఆ షెడ్లలో ఎవరుండారు?” అని అడిగింది కలైసెల్వి.

“ఎవరూ లేరు. అందరూ ఈడనే, మాకు తోడుగా...” అంటూ సత్యప్రియ ఆగిపోయింది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. కలైసెల్వి గ్లాసు డ్రమ్ము మీద బోర్లించి, “తిరునెల్వేలి బస్సు పదకొండింటికి, కోవిల్‌పట్టి మీదుగానే పోతాది,” అని, మండపం వైపు వెళ్లిపోయింది. మొత్తం కోచింగు పన్నెండు నిమిషాలు పట్టింది. రిజిస్టరులో ఎక్కలేదు.

బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది, అదీ కిటికీ పక్కన. సత్యప్రియకి తిరునాళ్లకి పోతున్నట్టు అనిపించింది. సత్కారం పొందవలసిన కుటుంబానికి మూలకారణమైన మనిషి సభలోంచి పారిపోయాడన్న సంగతి ఎవరూ గమనించలేదు. రెండో ప్రసంగం అతని గురించే నడుస్తోంది.

వీధి నిర్మానుష్యంగా ఉంది. అతను నాలుగు బోల్టులు అరచేతిలో పెట్టుకున్నాడు. ఆమె నూలు కండెల పెట్టె మీద కూర్చుని రికార్డు తెరిచింది, అతన్ని చూడలేదు. మూడో బోల్టు దగ్గర పక్క షెడ్డు రేకు గాలికి కొట్టుకుంది. అతను తల తిప్పాడు. ఆమె పెన్ను ఆపకుండానే, “మూసేదానికి గదా వచ్చినాం,” అంది. అతను తల మళ్లీ ఇటు తిప్పాడు.

మీట వేశాక మగ్గం ఒకసారి దగ్గి, ఆడింది. ఆ చప్పుడుకి ఆమె రాస్తున్న వాక్యం వంకర పోయింది. ఆ పేజీని చింపకూడదని అప్పుడే నిర్ణయించుకుంది. నాలుగు గంటలయ్యేసరికి నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు.

వ్యాన్లు వచ్చాయి. వీధి మొదట్లోనే పొన్నుత్తాయి దిగి, శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొచ్చింది. “నా తరి! ఏయ్, ఆ సద్దు నా తరిదే!” అని ఉదయకుమార్ చెంపలు రెండూ పట్టుకుంది. పాలసామి నాలుగు షెడ్లూ తిరిగి చూసి, మొదటిసారిగా కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

“రిపేరు పని నీదేరా,” అన్నాడు. “మిగతా మూడూ నువ్వే మూస్తావు, నాకు తెలుసు. అరుప్పుకోట్టైవాడికి నేను చెప్పేస్తా.”

సత్యప్రియ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు చివరి వ్యాన్‌లోంచి రాఘవేంద్రన్ దిగాడు. విజయానికి ఫోటో తీయడానికి వచ్చాడు. మగ్గాలు మూసినప్పుడు పక్కన తోడు వ్యక్తులు ఎంతమంది ఉన్నారని అడిగాడు.

“ఎవరూ లేరు సార్,” అన్నాడు ఉదయకుమార్ సంతోషంగా.

రాఘవేంద్రన్ కెమెరా దించాడు. నియమావళి తెరిచి పదమూడో నిబంధన చదివాడు. తోడు లేనప్పుడు జరిగిన పని తోడు వల్ల జరిగినట్టు నమోదు చేయరాదు. పైగా తోడు లేకుండా పని జరిగినట్టు రుజువైతే తోడు అవసరం లేదని తేలుతుంది. అప్పుడు యాభై మూడు ధ్రువపత్రాలూ రద్దవుతాయి.

యాభై ముగ్గురూ మెడలోని శాలువాల్ని చేత్తో పట్టుకున్నారు.

“దీనికి దారి లేదా సార్?” అన్నాడు పాలసామి, కుర్చీలోంచి లేచి నిలబడి.

దారి ఉంది. అక్కడికక్కడే తీర్మానం రాసి సంతకాలు చేశారు: రేపు ఆదివారం ఉదయం ఆరు గంటలకి నాలుగు మగ్గాల మూతలూ తిరిగి విప్పి, యాభై ముగ్గురు తోడు వ్యక్తుల సమక్షంలో, చప్పట్లతో సహా, నిబంధనల ప్రకారం అతనికి సాయం చేయబడును.